వేలు వదిలాక స్ట్రైకర్‌ని తోసేది ఏది?

మొన్న ఆదివారం అసర్ నమాజు అయ్యాక పిల్లలతో క్యారమ్ ఆడుతున్నాను. ఎనిమిదో తరగతి చదివే మా బేటీ స్ట్రైకర్ కొట్టి, ‘అబ్బా, వేలు ఇక్కడే ఆగింది కదా, మరి అంత దూరం దాన్ని తోస్తున్న బలం ఏది?’ అంది. వాళ్ల భాయి పకపకా నవ్వాడు. నవ్వాల్సిన సవాల్ కాదది. పెద్ద పెద్ద ఆలిములే దాదాపు రెండు వేల ఏళ్లు దీనితో కుస్తీ పట్టారు.

మన మాటల్లో బలమంటే ఒంట్లో ఉండే తాఖత్. అందుకే స్ట్రైకర్‌లోనూ ఏదో తాఖత్ నిండి ఉందనిపిస్తుంది. అరస్తూ, అంటే అరిస్టాటిల్, తోసేది ఉంటేనే కదలిక ఉంటుందన్నాడు. విల్లు వదిలిన బాణాన్ని గాలి తోస్తుందట! ఆరో శతాబ్దంలో ఇస్కందరియాలో ఫిలోపొనస్ దీన్ని ఒప్పుకోలేదు. విసిరేవాడే వస్తువులో శక్తి నింపుతాడు, అది తరిగిపోతుంది అన్నాడు.

తర్వాత ఇబ్నె సీనా (980–1037). మనకు హకీంగానే తెలుసు గానీ, ‘కితాబుష్షిఫా’లో ఆయన ఈ సంగతీ రాశాడు. వస్తువులో నిండేదాన్ని ‘మైల్’ అన్నాడు. ‘దిల్ మాయిల్ అయింది’ అంటామే, ఆ లఫ్జే. మైల్ దానంతటది తరగదు, గాలిలాంటి అడ్డంకే దాన్ని తరిగిస్తుంది. అడ్డే లేని ఖాళీలో విసిరితే ఆ వస్తువు ఇక ఆగదు!

ఇది చూపించి ‘న్యూటన్ సూత్రం మనదే’ అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఫఖర్ నాకూ ఉంది, కానీ ఇన్సాఫ్ కూడా ఉండాలి. ఆగకుండా పోయే వస్తువు ఎక్కడా కనబడదు, కాబట్టి ఖాళీ అనేదే లేదు అని ఆయన నతీజా తీశాడు. కదలాలంటే లోపల ఏదో ఉండాలనే నమ్మాడు. దర్వాజా దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

12వ శతాబ్దంలో బగ్దాద్‌కు చెందిన అబుల్ బరకాత్ ఇంకాస్త ముందుకెళ్లాడు. పడే వస్తువుకు బరువు మళ్లీ మళ్లీ కొత్త మైల్ ఇస్తుంటుంది, అందుకే దాని వేగం పెరుగుతూ పోతుందన్నాడు. గెలీలియో తర్వాత, 1687లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’తో మాట సాఫ్ అయింది. కదులుతూ ఉండటానికి బలం అక్కర్లేదు. వేగమో దిశో మారాలంటేనే కావాలి.

ఈ కహానీ అంతా బేటీకి చెప్పలేదు. బోర్డు మీద కాస్త పౌడర్ చల్లి, అంతే జోరుతో మళ్లీ కొట్టమన్నాను. స్ట్రైకర్ అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది.

కాసేపు చూసి, ‘అయితే తోసేది ఏదీ లేదు. బోర్డే ఆపుతోంది’ అంది.