ఒళ్ళు లేవని నీరసం, కడుపులో బాక్టీరియా, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు

శ్రీకూర్మం నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈరోజు టాపిక్ నీరసం. రాత్రంతా రీల్స్ చూసి పొద్దున్న తూలడం గురించి మాట్లాడట్లేదు. ఆరు నెలలు దాటినా వదలని నీరసం. పడుకుని లేచినా అలసట తీరదు. ఇవాళ కాస్త ఎక్కువ పని చేస్తే రేపు, ఎల్లుండి మంచమే. దీన్ని డాక్టర్లు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. మనవాళ్ళు సింపుల్‌గా బద్ధకం అనేస్తారు. మా కూర్మనాథస్వామి గుడిలో తాబేళ్ళున్నాయి కదా, ఇలాంటి మనిషి కనిపిస్తే "గుడిలో ఉండాల్సింది ఇక్కడుందేటి" అని జోకులు కూడా వేస్తారు.

ఈ నీరసానికీ కడుపులోని బాక్టీరియాకీ లింకు ఉందా అని సైంటిస్టులు ఇప్పుడు వెతుకుతున్నారు. దాదాపు ఇలాంటి ప్రశ్నే వందేళ్ళ కిందట ఒక తెలుగు కుటుంబాన్ని చావుదెబ్బ కొట్టింది. అక్కణ్ణుంచి మొదలెడదాం.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో, రోజుల తేడాలో చనిపోయారు. మన పెద్దవాళ్ళు సంగ్రహణి అనేవారు. ఇందులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది, తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, విపరీతమైన నీరసం. మనిషి నెలల తరబడి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. 1920ల మొదట్లో ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ మీద పరిశోధనలు ప్రచురించారు. ఏటీపీ అంటే మన కణాలు ఖర్చుపెట్టే చార్జింగ్ అనుకోండి. అది లేకపోతే కండరం కదలదు.

సరిగ్గా అదే టైంలో మన బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతని స్టడీ చేస్తున్నారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే వాళ్ళు కోలుకుంటున్నారు. అందులో ఏదో ఉంది, కానీ ఆ ఏదో ఏమిటో ఎవరికీ తెలీదు. 1940లో సుబ్బారావు గారు లెడర్లే కంపెనీలో చేరారు. 1945లో ఆయన టీమ్ దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. ఇప్పుడు గర్భిణులకి ఇచ్చే మాత్ర అదే. స్ప్రూ రోగులకి ఇస్తే రక్తం పుంజుకుంది, ఆకలి తిరిగొచ్చింది.

కానీ ఫోలిక్ యాసిడ్ లోటు పూడుస్తుంది. ఆ లోటు పెడుతున్నది ఎవరు? ఇక్కడే బాక్టీరియా ఎంట్రీ. లెడర్లేలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టుకున్నారు. అప్పుడు అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ సుబ్బారావు గారే. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. టెట్రాసైక్లిన్ మందుల వంశం మొదలైంది ఆ ఆరియోమైసిన్‌తోనే. తర్వాత 1950లు, 60లలో డాక్టర్లు గమనించింది ఏంటంటే, ఈ మందులు నెలల పాటు ఇస్తే స్ప్రూ రోగుల పేగు కూడా బాగవుతోంది. 1970 నాటికి పశ్చిమ బెంగాల్ రోగుల చిన్నపేగులో ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ బాక్టీరియా కనిపించాయి. వేలూరు సీఎంసీ డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల్లో ఈ జబ్బు ఊళ్ళకి ఊళ్ళని పట్టుకోవడం చూశారు. ఇన్నేళ్ళైనా "దోషి ఇదే" అని ఒక్క సూక్ష్మజీవిని పట్టుకోలేదు. అయినా వైద్యం దొరికింది: ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు టెట్రాసైక్లిన్. తన ఇంట్లో ఇద్దర్ని తీసుకుపోయిన జబ్బుకి ఈ రెండు మందుల దారీ ఆయన నడిపిన ల్యాబ్‌లోంచే వచ్చింది. నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు క్రానిక్ ఫెటీగ్‌కి వద్దాం. ఇది స్ప్రూ లాంటిది కాదు, వేరే జబ్బు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్లో దాదాపు 300 మంది, ఎక్కువగా స్టాఫే, ఇలాంటి జబ్బుతో పడిపోయారు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు రికార్డులు చూసి అది సామూహిక హిస్టీరియా అని రాసేశారు. ఆ ముద్ర దశాబ్దాలు పోలేదు. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇది నిజమైన, తీవ్రమైన జబ్బేనని రిపోర్టు ఇచ్చింది.

2023లో రెండు స్టడీలు ఒకేసారి వచ్చాయి. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 106 మంది రోగుల్ని, 91 మంది ఆరోగ్యవంతుల్ని పోల్చారు. రోగుల పేగుల్లో బ్యూటిరేట్ తయారుచేసే బాక్టీరియా తక్కువ. బ్యూటిరేట్ అంటే మనం తిన్న పీచుని పులియబెట్టి ఆ బాక్టీరియా చేసే పదార్థం, పెద్దపేగు గోడకి అదే తిండి. వాటిలో ఫీకాలిబాక్టీరియం అనేది ఎంత తక్కువుంటే నీరసం అంత ఎక్కువ కనిపించింది. జాక్సన్ ల్యాబరేటరీ స్టడీలోనూ ఈ రకం బాక్టీరియా తగ్గినట్టు తేలింది. కానీ ఆ మార్పులు కొత్త రోగుల్లోనే ఎక్కువ. ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళ పేగుల్లో బాక్టీరియా దాదాపు మామూలుగానే ఉన్నాయి.

అంటే బాక్టీరియా తగ్గి జబ్బొచ్చిందా, జబ్బొచ్చి తిండీ తిరుగుడూ మారి బాక్టీరియా తగ్గాయా? ఇంకా తేలలేదు. లూసీ విల్స్ మార్మైట్ దగ్గర ఉన్నప్పటి స్టేజ్ అన్నమాట. అందుకే "గట్ క్లీన్ చేస్తాం, నీరసం పోగొడతాం" అని ప్రోబయాటిక్ డబ్బాలు అమ్మేవాళ్ళని నమ్మి డబ్బులు పోసుకోకండి. యాంటీబయాటిక్స్ సొంతంగా అస్సలు మింగొద్దు. మన తరవాణి, చద్దన్నం హాయిగా తినండి, అది తిండి, ఈ జబ్బుకి మందు మాత్రం కాదు. నీరసం వదలకపోతే ముందు డాక్టర్ దగ్గర రక్తం, థైరాయిడ్, షుగర్, బీ12 చూపించుకోండి.

అవన్నీ నార్మల్ వచ్చినా మనిషి లేవలేకపోతున్నాడా? నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు, యాప్ పడిపోయి లాగ్‌లో ఎర్రర్ కనపడకపోతే "బగ్ లేదు" అని క్లయింట్‌కి చెప్పేవాళ్ళం కాదు. లాగ్‌లో ఇంకేం రాయించాలా అని చూసేవాళ్ళం. స్ప్రూ విషయంలో డాక్టర్లు చేసింది అదే, దానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. మీ ఇంట్లో, హాస్టల్ రూమ్‌లో ఇలాంటివాళ్ళుంటే ఈలోపు కనీసం బద్ధకం అనకండి. పని చేయమని తోయకండి కూడా, ఈ జబ్బులో బలవంతంగా శ్రమపడితే ఇంకా ముదురుతుంది.

మీకు తెలిసినవాళ్ళ అనుభవాలు, పేర్లు లేకుండా, కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!