పాత తుపాకికి మెరుగు పెడితే పోయేది ఏందో తెలుసా?

పాత పిస్తోళ్లు కొనుక్కొచ్చి, తుప్పు గీకి, కొత్తగ రంగెక్కించి, పిడి మార్చి బీరువాల పెట్టుకునుడు అమెరికాల చాలామందికి ఇంటికాడి సరదా. అక్కడి చట్టంల 1898 దాకా తయారైనవి పురాతన తుపాకుల లెక్కకు వస్తయి. ఆ వీడియోలు ఇప్పుడు మన ఫోన్లకు గూడ వస్తున్నయి. అవి చూసి, అటక మీదున్న తాతల నాటి కత్తికో, గొట్టానికో గ్రైండర్ పెడుదామా అనుకునేటోళ్లు మన దిక్కు గూడ ఉన్నరు. పెట్టకుండ్రి. ఎందుకు వద్దంటున్ననో చెప్పాలంటే మన దిక్కు చరిత్రే చెప్పాలె.

ముందు ఆ రంగు సంగతి. పాత తుపాకి మీద గోధుమ రంగో నీలి నలుపో కనబడితే అది పెయింట్ కాదు. అదుపుల పెట్టిన తుప్పు. గొట్టాన్ని కావాలనే సన్నగ తుప్పు పట్టిస్తరు, వదులు తుప్పును రుద్ది తీస్తరు, మళ్ల పట్టిస్తరు. ఇట్ల కొన్నిసార్లు చేస్తే గట్టి పొర నిలబడి, లోపలి ఇనుమును కాపాడుతది. ఇంకో లాభం కూడ ఉన్నది. లోహంల రెండు రకాల పొరలుంటే ఒకటి ఎక్కువ రంగు పడుతది, ఒకటి తక్కువ పడుతది. అప్పుడు నీళ్ల మీద అలల లెక్క చారలు తేలుతయి. ఆ చారలనే లోకమంత డమాస్కస్ అంటది.

డమాస్కస్ సిరియాల ఉన్నది. కని ఉక్కు అక్కడిది కాదు. 17వ శతాబ్దంల పర్షియా, మన దేశం తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఈ ముచ్చట రాసిపెట్టిండు. చారలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తదట. చిన్న రొట్టె అంత ముద్దలుగ వస్తదట, ఒక్క ముద్దను రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కతోని ఒక్కో కత్తి చేస్తరట. ఆ చారలు తేలనీకి పర్షియా పనోళ్లు పూసింది గంధకం కలిసిన ఇనుప ఉప్పు. మన భాషల చెప్పాలంటే అన్నభేది జాతి. వరి నారు తెల్లబడితే మనం నిమ్మ ఉప్పు కలిపి కొట్టే అన్నభేదే.

గోల్కొండ రాజ్యంల ఎక్కడ అంటరా? మా మేడిపల్లి నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగ పడమటికి పోతే కమ్మర్‌పల్లి వస్తది. ఊరి పేర్లనే కమ్మరి ఉన్నడు. ఆ మండలంల కోనసముద్రం అని ఊరు. 1820ల మొదట్ల, దేశాన్ని కొలిచే పెద్ద సర్వేతోని వచ్చిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ ఊర్ల ఉక్కు చేసుడు కండ్లార చూసి రాసిండు. ఆయన 1824లనే చనిపోయిండు. రాసింది 1832ల కలకత్తాల అచ్చయింది.

ఆయన చెప్పిన పని ఇది. రెండు వేరే వేరే చోట్ల ఇనుము తెచ్చి, లెక్క ప్రకారం కలిపి, గాజు ముక్కలు వేసి మట్టి మూసల పెట్టి మూత మెత్తుతరు. రాత్రింబగళ్లు తిత్తులూదుతరు. చల్లారినంక మూస పగలగొడితే ఉక్కు ముద్ద. అది పెళుసుగ ఉంటది కాబట్టి మట్టి మెత్తి గంటల తరబడి మళ్ల మళ్ల కాలుస్తరు. ఆ మూసల మట్టిల వడ్ల ఊక కలిసి ఉన్నదని తర్వాత ల్యాబులల్ల తేల్చిండ్రు. ఊక కాలి, అంత వేడికి కూడ మూస కరగకుండ నిలబెట్టిందట. మనం కల్లంల ఊదేసే ఊక!

వాయ్‌సీ పోయినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి అక్కడనే ఉండి సరుకు తూకం వేయించి, పని చూసుకుంటున్నడు. ఈ పనిని తమ దేశంల చేయబోయి చేతగాలేదని ఆయనే చెప్పిండట. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! అంత దూరం నుంచి మన కమ్మరోళ్ల గుడిసెల ముందుకు వచ్చి కూసున్నరన్నట్టు. లండన్‌ల 1795ల దీన్ని ‘ఊట్జ్’ అని రాసిండ్రు. అది దక్షిణాది ‘ఉక్కు’ మాటే, వాళ్ల నోట్ల తిరగక అట్లయింది.

మరి తుపాకి కాడికి ఎట్ల వచ్చింది? కత్తి మీది అలలు చూసి తుపాకి గొట్టాలకు కూడ అట్లాంటి అందం కావాలన్నరు. ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి మెలేసి, చుట్టి, అతికించి గొట్టం చేసిండ్రు. దానికీ డమాస్కస్ అనే పేరు పెట్టిండ్రు. ఇంగ్లండుల అయితే పాత గుర్రపు నాడాల మేకులు ఏరి కాల్చి అతికించి గూడ గొట్టాలు చేసిండ్రు. అందుకే సరదాకు పాత పిస్తోలును గట్టిగ రుద్దితే ముందు పోయేది ఆ చారలు, చేసినోని ముద్ర, బంగారు తీగ పని. అమెరికాల గూడ తెలిసిన కలెక్టర్లు మెరుగు పెట్టిన దానికంటే ముట్టని దానికే ఎక్కువ ధర ఇస్తరు. మన ఊట్జ్ కత్తిని మితిమీరి కాలిస్తె ఇంకా నష్టం, లోపలి చారలే చెరిగిపోతయి.

1856ల బెస్సెమర్ పద్ధతి వచ్చింది, ఇంగ్లండుల ఉక్కు గుట్టలు గుట్టలుగ తయారైంది. కత్తికి గిరాకి పడిపోయింది. మూస కాడ కూసున్న మనోళ్లు కొలిమి ఆర్పి నాగలి కర్రులు సరిచేసుకుంట బతికిండ్రు. పేరు డమాస్కస్‌కు పోయింది. చేసినోళ్ల పేరు ఒక్కటి కూడ రాసినోళ్లు లేరు.

ఇగ చట్టం. మన దగ్గర 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండ తుపాకి రిపేరు చేసుడు నేరం. బాగు చేసినా పేలని పాత వస్తువుకు మినహాయింపు ఉన్నది, కని సరదాకు దాన్ని పేలేటట్టు చేస్తే ఆ మినహాయింపు పోయినట్టే. పాత చుట్టు గొట్టాలల్ల ఇప్పటి మందు పేలిస్తే గొట్టం పగిలి చెయ్యి పోయే ప్రమాదం గూడ ఉన్నది. భూమిల దొరికింది అయితే దాచకుండ తహసీల్దార్‌కు చెప్పాలె. ఇంట్ల పాత కత్తి ఉంటే పొడి బట్టతోని దుమ్ము తుడిచి, సన్నగ నూనె రాసి, తేమ తగలకుండ పెట్టుండ్రి. అంతే చాలు.

ఆఖరికి రైతుగ ఒక్క మాట. తుపాకులు, కత్తులు మన ఇండ్లల్ల ఎన్ని ఉంటయి? చానా తక్కువ. కని దున్నినప్పుడు నల్లగ, బరువుగ తేలే సిట్టెం మన దిక్కు చెల్కలల్ల ఉన్నది. 2010ల బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇట్లాంటి వందల జాగలు గుర్తు పట్టిండ్రు. ఆ కమ్మరోళ్లు వదిలిపోయిన దస్తావేజు అదొక్కటే. జేసీబీ పెట్టి చదును చేసే ముందు, ఆ దిబ్బను బాట మీద మొరం లెక్క పోసే ముందు, ఒక ఫొటో తీసి, ఊరి పేరు, సర్వే నంబరు రాసి పెట్టుండ్రి. ఒక మూల ముక్క ఉంచుండ్రి. ఇస్ఫహాన్ వ్యాపారికి తెలిసిన విలువ మన పిల్లలకు తెలియకుంట పోవద్దు.