మెదడులో మాట ఎక్కడున్నది?

ఈ ఏటి సావనీరుకు చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇమ్మని మన సొసైటీ పెద్దలు అడిగారు. నవాబుల చరిత్ర, మసీదుల చరిత్ర వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునే మామూలు మాస్టరును. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మూలంగా కొన్నేళ్లుగా మెదడును గురించి చదువుతున్నాను. మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో మనుషులు ఎట్లా తెలుసుకున్నారు? ఆ చరిత్రనే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మా చచ్చా సూర్యలంకలో పడవల దగ్గర చేపలు కొని బాపట్ల తెచ్చి అమ్మేవారు. పడవవాళ్లతో తెలుగు, ఇంట్లో ఉర్దూ. బేరంలో ఆయన నోటికి ఎదురు లేదు. ఒకరోజు ఫజర్ నమాజుకు లేచిన మనిషి లోటా అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. ఏమైందని చచ్చీ అడిగితే "అచ్ఛా" అన్నారు. నీళ్లు కావాలా అంటే "అచ్ఛా". నొప్పిగా ఉందా అంటే "అచ్ఛా". రెండో మాట లేదు. సముద్రపు గాలి కొట్టిందన్నారు కొందరు. అసర్ అయిందన్నారు మరికొందరు. తావీజు కట్టించి మూడు రోజులు చూశాం. నాలుగో రోజు గుంటూరు తీసుకువెళితే, మెదడు ఎడమభాగానికి రక్తం అందక పక్షవాతం వచ్చిందనీ, చాలా ఆలస్యంగా తెచ్చామనీ డాక్టరుగారు చెప్పారు. ఆ మూడు రోజుల తప్పు మాదే. చదువుకున్నవాణ్ణి, నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను.

ఇక చరిత్రకు వద్దాం. దిల్ గొప్పదా, దిమాగ్ గొప్పదా అన్న తగవు చాలా పాతది. ప్రాచీన ఈజిప్టువారు శవాలను భద్రపరచేటప్పుడు గుండెను లోపలే ఉంచి మెదడును తీసి పారవేసేవారు. మనం అరస్తూ అని పిలిచే అరిస్టాటిల్, బుద్ధికి చోటు గుండె అనీ, మెదడు పని ఒంటి వేడిని చల్లార్చడమనీ చెప్పాడు. అంతటి పండితుడూ అక్కడ పొరబడ్డాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో జాలీనూస్, అనగా గాలెన్ అనే వైద్యుడు నలుగురి ఎదుట ఒక జంతువు మెడలోని సన్నని నరాన్ని కోసి చూపాడు. అంతవరకూ అరుస్తున్న జంతువు గొంతు టక్కున ఆగిపోయింది. గొంతును నడిపించేది మెదడే అని ఆయన వాదించాడు.

బుఖారా దగ్గర 980లో పుట్టి 1037లో హమదానులో కన్నుమూసిన ఇబ్న్ సీనా పేరు మనకు కొత్త కాదు. ఆయన "అల్ ఖానూన్" చదివి వందల ఏళ్లు హకీములు వైద్యం నేర్చుకున్నారు. మెదడు లోపల ఉన్న గదులను ఆయన శక్తులకు పంచిపెట్టాడు. కన్ను, చెవి మొదలైనవి తెచ్చే కబుర్లు ముందు గదిలో చేరతాయి, ఊహ అక్కడే నిలుస్తుంది. నడిమి గదిలో ఆలోచన. వెనుక గదిలో హాఫిజా, అనగా జ్ఞాపకశక్తి. ఖురాన్ కంఠస్థం చేసినవారిని హాఫిజ్ అంటాం చూడండి, ఆ మాటే ఇది. ఒక్కొక్క శక్తికి ఒక్కొక్క చోటు ఉన్నదన్న ఊహ సరియైనదే. కాని ఆ గదులలో ఉన్నది నీరు మాత్రమే. అసలు పని వాటి చుట్టూ ఉన్న మెత్తని పదార్థం చేస్తుంది. ఈ సంగతి పండితులకు నేర్పినది మా చచ్చావంటి రోగులే.

1848లో అమెరికాలో రైలు మార్గం పనిలో ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ ఉండేవాడు. మందుగుండు పేలి, మూడున్నర అడుగుల ఇనుపకడ్డీ అతని ఎడమ చెంప కింద దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి చావలేదు, మాట పోలేదు, నడక పోలేదు. పోయినది గుణం. నెమ్మదస్తుడని పేరున్నవాడు నోటికొచ్చినట్లు తిట్టడం, మాట మీద నిలబడకపోవడం మొదలుపెట్టాడు. ఇతడు మునుపటి గేజ్ కాడని స్నేహితులన్నారు. ఓర్పుకూ, వెనకాముందూ చూసే బుద్ధికీ నుదుటి వెనుక భాగం ముఖ్యమని లోకానికి తెలియడానికి అతడి కథ ఒక మొదలు.

1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి లెబోర్న్ అనే రోగి వచ్చాడు. ఏమి అడిగినా "టాన్" అనేవాడు. ఆసుపత్రిలో అతని పేరే టాన్ అయిపోయింది. ఎదుటివారి మాట మాత్రం చాలావరకు తెలిసేది. అతడు చనిపోయాక బ్రోకా పరీక్షించి, ఎడమవైపు మెదడులో ముందరి భాగం చెడిపోయి ఉండటం చూశాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పారిస్‌లో "టాన్", మా ఇంట్లో "అచ్ఛా". ఎడమ మెదడు కుడిచేతిని నడుపుతుంది గనుక చెయ్యీ మాటా ఒక్కసారే పోయాయి. ఇందులో గాలీ లేదు, అసర్ లేదు.

1874లో జర్మనీ డాక్టరు వెర్నిక్ మరో రకం రోగులను గురించి వ్రాశాడు. వారు గడగడా మాట్లాడతారు, కాని మాటలకు అర్థం ఉండదు, ఇతరులు చెప్పేదీ తెలియదు. వారికి దెబ్బ తగిలేది ఎడమవైపే, ఇంకొంచెం వెనుకగా. ఇటువంటివారిని చూసి పిచ్చి పట్టిందనుకోవడం ఎంత సులభమో ఆలోచించండి.

జ్ఞాపకం సంగతి 1953లో తేలింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛ తగ్గించడానికి, రెండు చెవులవైపూ లోపలగా ఉన్న మెదడు భాగాలను తీసివేశారు. మూర్ఛ తగ్గింది. కాని ఆ తరువాత కలిసిన మనిషిని కాసేపటికే మరచిపోయేవాడు. 2008లో చనిపోయేదాకా అంతే. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం అభ్యాసం చేయిస్తే చెయ్యి నేర్చుకుంది. నేర్చుకున్నానని మాత్రం అతనికి గుర్తులేదు. సంగతుల జ్ఞాపకం వేరు, చేతి జ్ఞాపకం వేరు!

ఇదంతా దూరదేశాల మాట. ఇప్పుడు మన హైదరాబాదు సంగతి వినండి. నిజామ్స్ ఇన్‌స్టిట్యూటులో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, తోటి వైద్యులు 648 మంది మతిమరుపు జబ్బు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారికన్నా, తెలుగు, హిందీ, దక్కనీ ఇట్లా రెండు మూడు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఒక భాషను ఆపి ఇంకొక భాషను పిలవడం నుదుటి వెనుక భాగానికి నిత్యం కసరత్తు వంటిదని వారి ఆలోచన. మరి 608 మంది పక్షవాత రోగులను చూసి 2016లో అచ్చు వేసిన లెక్క ఇది: జబ్బు తరువాత తెలివితేటలు చెడకుండా ఉన్నవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. ఇతర దేశాల పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు కూడా. కనుక రెండు భాషలు మందు అని నేను అనను. కాని పిల్లవాడు వెనుకబడతాడని భయపడి ఇంట్లో ఉర్దూ మానిపిస్తున్న తల్లిదండ్రులు ఈ లెక్కను ఒకసారి చూడాలి. ఉర్దూ, తెలుగు రెండూ రానివ్వండి.

చచ్చా ఆ తరువాత నాలుగేళ్లు బ్రతికారు. ఒక సాయంత్రం మనుమరాలు ఎక్కాల పుస్తకం ముందేసుకుని ఏక్, దో, తీన్ అంటుంటే ఆయన చార్, పాంచ్ అని అందుకున్నారు. ఇల్లంతా నిలబడి చూసింది. నోట నానిన అంకెలు, దరూద్ వచ్చేవి, కావలసిన మాట మాత్రం రాదు. అటువంటివి మెదడులో వేరే దారిన కూడా రాగలవని తరువాత చదివాను. వీధిలో కొందరు పాగల్ అన్నారు. ఆయనకు అన్నీ తెలుసు, ఆ మాటతో సహా. ఏ "అచ్ఛా" అవునో, ఏది కాదో చచ్చీ ఒక్కతే కనిపెట్టేది.

మన కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మూతి ఒకవైపు లాగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా గంట చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు మామూలుగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. దువా దారిలో చేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవారి మాటగాని గుణంగాని ఉన్నట్టుండి మారితే, కోపగించే ముందు డాక్టరుకు చూపించండి. మాట పోయినవారి ఎదుట, వినగలరని తలచే మాట్లాడండి.