అడవి జనాలంటే రాజ్యానికి ఎందుకంత బెదురు

కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పడ్డ పశ్చాత్తాపం మనకు చిన్నప్పటి నుంచీ పాఠం. దాన్ని చెప్పే పదమూడో శిలాశాసనంలోనే అడవి జనాలకు ఒక హెచ్చరిక కూడా ఉంది: రాజు ఎంత పశ్చాత్తాపపడినా దండించే శక్తి ఆయనకు ఇంకా ఉంది, చేసిన పనులకు సిగ్గుపడితే ప్రాణాలు దక్కుతాయి. అంతటి దయ కూడా అడవి పొలిమేర దగ్గర షరతు పెట్టింది. నాగలి పట్టినవాళ్లు వేటాడేవాళ్లను అనాగరికులుగా చూశారు కాబట్టే ఇలా జరిగిందని చాలామంది సరిపెట్టుకుంటారు. నాకు ఆ మాట సరిపోదు. చిన్నచూపు పైకి కనిపించేది మాత్రమే. పన్ను కట్టకుండా, తమను తామే ఏలుకుంటూ బతికే జనం పక్కనే ఉండటం రాజ్యానికి అసలైన బెదురు.

ఇందుకు కౌటిల్యుడే సాక్షి. దారిదోపిడీ దొంగలు ప్రమాదమా, అడవి నాయకులు ప్రమాదమా అన్న చర్చ అర్థశాస్త్రంలో వస్తుంది. పూర్వాచార్యులు దొంగలే అన్నారు; ఆయన ఒప్పుకోలేదు. దొంగలు కొద్దిమంది, పట్టుకోవడం తేలిక. అడవివాళ్లు సొంత నేల మీద ఉంటారు, సంఖ్యలో ఎక్కువ, శూరులు, బాహాటంగా పోరాడతారు, రాజుల లక్షణాలే వాళ్లకూ ఉన్నాయి అంటాడు. అనాగరికుల గురించి ఎవరూ ఇలా రాయరు. ఎదుటి రాజ్యం గురించి రాసే తీరు ఇది.

వాళ్లు ఊళ్ల మీద పడి దోచుకున్నది నిజం కాదా అని అడగవచ్చు. నిజమే. కానీ అదే గ్రంథం అటవీబలాన్ని సైన్యంలో ఒక రకంగా లెక్కించి, దోపిడీ ఆశతోనే అది పోరాడుతుందని తెలిసి మరీ వాడుకోమంటుంది. అడవి తెగలైన శబరులను, పులిందులను జనపదంలో కాపలాకు పెట్టమంటుంది. యుద్ధానికి ఏనుగులు రావలసిందీ అడవి నుంచే. దోపిడీ తన పనికొచ్చినప్పుడు రాజ్యానికి అది నేరంగా తోచలేదు.

పుట్టుకతోనే వాళ్ల స్వభావం వేరన్న వాదనా నిలవదు. విశ్వామిత్రుడి శాపానికి గురై దస్యులైన, అంటే వెలిపడ్డ, వాళ్ల జాబితాలో ఐతరేయ బ్రాహ్మణం శబరులు, పులిందుల పక్కనే ఆంధ్రులనూ చేర్చింది. ఆ ఆంధ్రులూ మనమూ ఒకటేనని నేను అనడం లేదు, ఆ రుజువు ఇక్కడ అవసరమూ లేదు. తర్వాత పురాణాలు అదే పేరును శాతవాహన రాజులకు పెట్టాయి. రాజ్యం వచ్చాక ఆ పేరుకు అంటిన మచ్చ పోయింది, శబరులకు మాత్రం పోలేదు. అశోకుడి పశ్చాత్తాపాన్ని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు ఆ హెచ్చరిక వాక్యాన్ని కూడా చదివి వినిపించాలి.