పొదుపరి జన్యువు, ఎండిపోయిన నది

"వంశంలో ఉందయ్యా, మన చేతిలో ఏముంది?" అంటూ మా పెదనాన్నగారు రెండో పూతరేకు అందుకునేవారు. షుగరున్న ఇళ్ళలో ఈ మాట విననివారు అరుదు. నడివయసులో వచ్చే మధుమేహానికీ పుట్టుకకూ సంబంధముందన్న ఊహ మనకు కొత్తది కాదు. ప్రమేహాన్ని సుశ్రుత సంహిత రెండుగా విభజించింది: తల్లిదండ్రుల బీజదోషం వల్ల వచ్చే సహజం ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది మరొకటి. అయితే ఆ రెండూ ఒకే మనిషిలో కలిసి కాపురం చేస్తే? ఇరవయ్యో శతాబ్దపు చిక్కంతా అక్కడే వచ్చింది.

1962లో మిషిగన్ విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ ఒక ప్రశ్న వేశాడు. ఇంత కీడు చేసే జన్యువులను ప్రకృతి ఎందుకు ఏరి పారేయలేదు? ఆయన ఊహించిన జవాబు ఇది. వేట దొరికిన నాడు విందు, దొరకని నాడు పస్తు అన్నట్లు బతికిన కాలంలో, తిన్నదాన్ని చప్పున కొవ్వుగా దాచుకోగల శరీరమే కరువును దాటేది. నిత్యమూ విందే అయిన కాలంలో ఆ గుణమే శాపమయింది. ఆయన దానికి పెట్టిన పేరును మనం 'పొదుపరి' జన్యురూపం అనుకోవచ్చు. కథ ఎంత అందంగా ఉందో చూడండి! అంత అందమైన కథను ఎవరూ తొందరగా అనుమానించరు.

ఈ కథకు సజీవ సాక్ష్యంగా లోకం చూపించినది అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఉండే పీమా జాతిని. వాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు అకిమెల్ ఓధమ్, అంటే నది ప్రజలు. గిలా నది నుంచి కాలువలు తీసి మొక్కజొన్న, గుమ్మడి, టెపరీ చిక్కుళ్ళు పండించేవారు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు పరుగుతీసిన బాటసారులకు గోధుమలు అమ్మినవారు వీరే. ఆ తరువాత పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, వలస వచ్చిన తెల్ల రైతులు ఎగువన నీళ్ళు మళ్ళించుకున్నారు. ఎగువవాడి కాలువ దిగువవాడికి ఏమి మిగులుస్తుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నది ఎండింది, పొలాలు ఎండాయి, ఆకలి వచ్చింది. క్రమంగా పొలం పంట స్థానంలోకి సర్కారు ఇచ్చే తెల్ల పిండి, పందికొవ్వు, పంచదార వచ్చాయి.

1908లో అలెష్ హ్రడ్లిచ్కా అనే మానవశాస్త్రవేత్త వాళ్ళలో మధుమేహం ఉన్నవారు ఒక్కరే ఉన్నట్లు రాశాడు. 1930ల చివరలో సుప్రసిద్ధ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ లెక్కకు 21 మంది తేలారు. 1965 నుంచి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు వాళ్ళను రెండేళ్ళకొకసారి పరీక్షిస్తూ వచ్చారు. 35 ఏళ్ళు దాటినవారిలో దాదాపు సగం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు బయటపడింది. రెండు మూడు తరాల్లో ఒక జాతి జన్యువులు అంతగా మారవు. అయినా పత్రికల్లో చదివినవారికి మనసులో మిగిలింది 'పీమాల రక్తంలోనే ఉంది' అన్న మాటే. నది సంగతి ఎక్కడో అడుగున పడిపోయింది.

మెక్సికో కొండల్లో, మైకోబా అనే ఊరి చుట్టుపక్కల, పీమాల దాయాదులు ఉన్నారు. ఒంటి కష్టంతో సేద్యం చేసుకునేవారు. 2006లో ప్రచురించిన పోలికలో వారిలో మధుమేహం 6.9 శాతం, అరిజోనా పీమాలలో 38 శాతం.

అలాగని జన్యువులకు పాత్ర లేదనడం అటువైపు పొరపాటు. అదే 2006లో ఐస్‌లాండు పరిశోధకులు పదవ క్రోమోజోము మీద టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఒక తేడాను పట్టుకున్నారు. ఆ రూపం ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు, రెండూ ఉంటే సుమారు 2.4 రెట్లు. అది ప్రధానంగా ఇన్సులిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. మరుసటి ఏడాది మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, పూణే వైద్యులు కలిసి భారతీయులలోనూ దాని ప్రభావం బలంగా ఉందని చూపించారు. పెదనాన్నగారి మాటలో కొంత నిజం ఉందన్నమాట. విచిత్రమేమిటంటే, అదే 2007లో పీమాలను పరీక్షిస్తే, వాళ్ళ వ్యాధికి ఈ జన్యువు ముఖ్యకారణం కాదని తేలింది!

2016లో సమోవా దీవుల్లో అచ్చం నీల్ ఊహించినట్టే కొవ్వును పొదుపు చేసే ఒక జన్యురూపం దొరికింది. అది ఉన్నవాళ్ళు లావుగానే ఉన్నారు, కానీ వాళ్ళలో మధుమేహం మాత్రం తక్కువ. 2000లో కన్నుమూసిన నీల్ ఇది చూడలేదు. 2024లో 25 లక్షలకు పైగా మనుషుల సమాచారం జల్లెడ పడితే ఈ వ్యాధితో ముడిపడిన చోట్లు జన్యుపటంలో 611 కనబడ్డాయి. చాలావాటి బలం విడివిడిగా చూస్తే చాలా స్వల్పం. ఒక్క పొదుపరి జన్యువు కోసం అరవై ఏళ్ళు వెతికితే చివరికి దొరికింది ఇంత పెద్ద గుంపు.

గిలా నది నీళ్ళ తగాదాకు 2004లో అమెరికా చట్టసభ ఒక పరిష్కారం చేసింది. నది ప్రజలకు నీటివాటా తిరిగి దక్కింది. ఆ నేలలో టెపరీ చిక్కుళ్ళు మళ్ళీ పండుతున్నాయి.