అంకెల నడుగవలసిన ప్రశ్నలు



నేను బాల్యమున తర్కసంగ్రహము చదువునపుడు గురువులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములను బోధించిరి. శబ్దము ప్రమాణమగుటకు అది ఆప్తుని వాక్యమై యుండవలెను. ఆప్తుఁడనగా ఉన్నదున్నట్లు చెప్పువాఁడు. 2006లో కడపయందు యోగి వేమన విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట మన పల్లెల పిల్లలకును ఉన్నతవిద్య చేరువయైనది. అచట లెక్కల పట్టికలు చదువు విద్యార్థులకు, అంకెయు నొకరు చెప్పిన వాక్యమే యని తెలుపవలెను. ఇందులకు మన సీమ చరిత్రమే తగిన పాఠము.

1876లో వానలు లేక ధాత కరువు వచ్చెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లాలో జనము సుమారు నాలుగవపాలు, కడప జిల్లాలో సుమారు ఆఱవపాలు తగ్గెను. తగ్గినవారందఱును చచ్చినవారేనా? కారు. కొందఱు పొట్ట చేతఁబట్టుకొని పరదేశములకుఁ బోయిరి; పుట్టవలసిన శిశువు లనేకులు పుట్టరైరి. పోనీ, చావుల చిట్టాలను నమ్ముదమా? వానిని వ్రాయువారు గ్రామోద్యోగులు. ఊరు విడిచి త్రోవలోఁ బడి చచ్చినవానిని ఏ యూరి చిట్టాలో వ్రాయుదురు? రెండు లెక్కలను ప్రక్కప్రక్కల నుంచి చూచినవానికే నిజము కొంత గోచరించును.

ఇఁక కూలి సంగతి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర, కరువుపనిలోని మగకూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొంచెము డబ్బును చాలుననెను. చెన్నరాజధాని ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వైద్యుఁడు అది చాలదు, పౌనున్నర ధాన్యమును, పప్పు కూరలును వలయుననెను. 1871 జనాభా నివేదికను వ్రాసినవాఁ డీయనయే. మొదటి లెక్క బొక్కసమును జూచి వేసినది. రెండవది మనుష్యదేహమును జూచి వేసినది. ఆ మార్చిలో ప్రభుత్వమువారు ధాన్యమును పౌనుంబాతికకుఁ బెంచి, కొంత పప్పు చేర్చిరి. ఆ యరపౌను వాదమునందు వేలజనుల ప్రాణములు వ్రేలాడెను.

అంత మాత్రమున లెక్కలను నిరసింపరాదు. 1871లో లెక్క వ్రాయకున్నచో, మన పూర్వుల కెంత నష్టము కలిగెనో నేఁడు మన కెట్లు తెలియును? కావున మీ మనుమలు పట్టణమునఁ జదివి వచ్చి పట్టికను జూపునపుడు మూఁడు ప్రశ్నలు అడుగుఁడు: దీని నెవరు వ్రాసిరి? ఎందులకు వ్రాసిరి? ఇందులోఁ జేరనివా రెవరు? వానిని విచారింప నేర్చినవాఁడే విద్యావంతుఁడు. అట్లే లెక్కలు వ్రాయువారు మీ వాకిటికి వచ్చినపుడు, ఉన్నదున్నట్లు చెప్పుఁడు.