రాయి దొరకని చోట వంట

ఈసారి మట్టి ఉండల వంట గురించి చెప్పుకుందాం.

అమెరికాలోని లూసియానాలో పావర్టీ పాయింట్ అనే చోటు ఉంది. సుమారు 3,500 ఏళ్ల కిందట అక్కడివారు పెద్ద పెద్ద మట్టి దిబ్బలు కట్టారు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి నేలంతా మెత్తటి మన్ను, రాయి దొరకదు. పనిముట్లకు కావలసిన రాయి వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేది. వంటకు మాత్రం కాళ్ల కింది మన్నే సరిపోయింది.

ఆ మన్ను పిసికి, గుప్పిట్లో ఉండలు చేసి, ఆరబెట్టి, నిప్పుల్లో బాగా కాల్చేవారు. కాలిన ఉండలను గుంటలో పరిచి, ఆహారం పెట్టి, పైన కప్పేసేవారు. ఉండల ఆకారం, లెక్క మారితే వేడి కూడా మారుతుందని పురావస్తు పరిశోధకులు చేసి చూశారు.

ఇందులో ప్రమాదమూ ఉంది. ఏటిలో నానిన రాయిని నిప్పుల్లో వేస్తే లోపలి తడి ఆవిరై, రాయి పేలుతుంది. సరిగా ఆరని మట్టి ఉండ కూడా పగిలిపోతుంది.

ఆ వంటవాళ్ల భాషలో ఒక్క మాటా రాతలో మిగల్లేదు. ఉండల మీద వేళ్ల గుర్తులు మిగిలాయి. మేము సంఘం తరఫున పాత దస్తావేజులు వెతుకుతుంటాం, కానీ వంటింటి తెలివి వాటిలో కనబడదు. మీ ఇంటి పెద్దవాళ్లను పొయ్యి సంగతులు అడిగి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.